సుబ్బులు గారి జపాన్ పులుసు

పిల్లల పుట్టినరోజు వచ్చిందంటే ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో పిజ్జా తప్పదు. క్లబ్‌హౌస్ బల్ల మీద అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. సగం చీజ్, సగం పెప్పరోనీ. ఆ ఎర్రటి బిళ్ళల్లో ఉన్నది పంది మాంసం కదమ్మా అని ఒక తల్లిని అడిగాను. "అది పిజ్జా కదండీ అంకుల్!" అని నవ్వేసింది. బేస్‌బాల్ ఆటకు తీసుకెళితే హాట్‌డాగ్, నయాగరా దారిలో మోటెల్‌లో దిగితే పొద్దున్నే వేయించిన బేకన్. అదంతా అమెరికా. దాన్ని ఎవరూ పంది అనరు.

అదే పంది పిజ్జా మీద నుంచి దిగి, ఒక గిన్నెలో ముల్లంగితో, చేమదుంపలతో కలిసి ఉడికింది. అదీ సుబ్బులు గారి గిన్నెలో ఉడికింది. అప్పుడేమయిందో చెబుతాను. చెప్పకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు.

అది రెండు వేల పదకొండు నవంబరు. మా అన్నయ్య కొడుకు దామోదర్ ఇంట్లో ఉంటున్నాను. పొద్దున్నే పిల్లలు స్కూలు బస్సెక్కాక, పెద్దలు ఆఫీసులకు పోయాక ఆ అపార్ట్‌మెంట్ల మధ్య కాలిబాట ముసలివాళ్ళ రాజ్యం. చీర మీద స్వెటరు, స్వెటరు మీద కోటు, కాళ్ళకు కూతురి పాత స్పోర్ట్స్ షూలు, చెవులు కప్పే మంకీ క్యాపు. ఆ వేషంలో చకచకా నడిచే పొట్టి మనిషి సుబ్బులు గారు. చీరాల దగ్గరి ఊరు. ప్రభుత్వాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యారు. కాన్పుల వార్డులో ఎంతమంది బిడ్డల్ని మొదట ఎత్తుకున్న చేతులో అవి. పురుటి నొప్పుల్లో అరిచే ఆడవాళ్ళు ఆ చేతుల్ని పట్టుకునే అరిచారు. అప్పుడు ఏ తల్లీ ఆ చేతులది ఏ కులమని అడిగి ఉండదు.

ఇక్కడ అడిగారు.

నిజానికి మనవాళ్ళు కులం పేరెత్తి అడగరు. అమెరికా వచ్చాక ఆ మాత్రం నాగరికత అబ్బింది. ఊరడుగుతారు. ఊళ్ళో ఏ వైపని అడుగుతారు. ఇంటిపేరు అడుగుతారు. ఎటూ తేలకపోతే వంటింట్లో దూరతారు. "మీరు నాన్‌వెజ్ తింటారా అండీ?" తింటామంటే ఆగరు. "అంటే చికెన్, మటన్ వరకేనా?" ఆ 'వరకే' దగ్గర ఒక గీత ఉంటుంది. గీతకు ఇటు ఉన్నవాడు మనవాడు. అటు ఉన్నవాడితో కూడా నవ్వుతూనే మాట్లాడతారు. మాట్లాడి, మెల్లగా తలుపు దగ్గరకు వేస్తారు.

సుబ్బులు గారిది గీతకు అవతలి ఇల్లు. ఎరుకల వాళ్ళు. తండ్రి పందులు మేపాడు, తల్లి బుట్టలు అల్లింది. ఆ పందుల మీద, ఆ బుట్టల మీద, తర్వాత ఆసుపత్రి జీతం మీద పెరిగిన ఒక్కగానొక్క కూతురు రేణు మందుల పరిశోధనలో పెద్ద చదువు చదివి, ప్రిన్స్‌టన్ దగ్గర ఒక కంపెనీ లాబ్‌లో పనిచేస్తోంది. అల్లుడు రామమోహన్ ప్రాజెక్టు కోసం ప్రతి సోమవారం టెక్సస్ ఎగిరిపోయి శుక్రవారం వస్తాడు. మనవరాలు అవని మూడో క్లాసు. పిల్లని చూసుకోవడానికి అమ్మని పిలిపించుకున్న రేణు, విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చే దారిలోనే కార్‌లో ఒక మాట అడిగిందట.

"అమ్మా, ఉన్నన్నాళ్ళూ నాకోసం ఒక్కటి చెయ్యి. ఎవరడిగినా చికెన్ తింటామని చెప్పు. ఇంకేం చెప్పకు. ఆ మాట మన ఇంట్లో వినపడకూడదు. ప్లీజ్."

రేణుని తిట్టుకోవడం తేలిక. నేనూ మొదట తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది. అంతకుముందు వాళ్ళు వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఉండేవారు. అక్కడ ఒక స్నేహితురాలి అత్తగారు చీరాల నుంచి వచ్చి, రేణు ఇంటిపేరు విని, "ఆ ఆసుపత్రి ఆయమ్మ కూతురివా?" అంది. అంతే. ఎవరూ ఒక్క మాట అనలేదు. వీకెండ్ పిలుపులు మాత్రం ఆగిపోయాయి. అవని నాలుగో పుట్టినరోజుకు అందరికీ ఏవో పనులు పడ్డాయి. రేణు, రామమోహన్, అవని ముగ్గురే కేకు కోసుకున్నారు. తర్వాత కొత్త ఉద్యోగం వెతుక్కుని ఇటు వచ్చేశారు.

అందుకే ఈ ఊళ్ళో రేణు చాలా జాగ్రత్తగా కాపురం కట్టుకుంది. ఎదురింటి విజయశ్రీతో మంచి స్నేహం. విజయశ్రీ చెడ్డమనిషి కాదు. అదే నా బాధ. చెడ్డమనిషయితే నాకు ఇంత కోపం ఉండేది కాదు. సుబ్బులు గారికి జ్వరమొస్తే మందుల షాపుకు డ్రైవ్ చేసుకెళ్ళింది తనే. తన కూతురు నీహారికతో పాటు అవనినీ శుక్రవారం సాయంత్రాలు కూచిపూడి క్లాసుకు దింపేదీ తనే. రెండిళ్ళ మధ్య నీలం మూత డబ్బా ఒకటి అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. ఇటు నుంచి గోంగూర పచ్చడి, అటు నుంచి పులిహోర. ఇటు నుంచి సున్నుండలు, అటు నుంచి కొబ్బరన్నం. డబ్బా ఖాళీగా తిరిగి పంపకూడదు కదా. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు, ఆగడం మాత్రం ఎరగదు.

ఇదీ పరిస్థితి. ఇందులోకి ఒక జపాన్ ముసలమ్మ వచ్చింది.

ఒక పొద్దున నేనూ సుబ్బులు గారూ నడుస్తూ చివరి బ్లాకు దాకా వెళ్ళాం. ఒక వంటింటి కిటికీ కొంచెం తెరిచి ఉంది. ఆవిరి బయటకు వస్తోంది. సుబ్బులు గారు టక్కున ఆగిపోయారు. ముక్కు పైకెత్తారు.

"పంది ఉడకతంది, అన్నయ్యగారా."

అని, నాలుక కరుచుకుని నా వంక భయంగా చూశారు.

"కోహిమాలో వెదురు మొలకలతో వండుతారమ్మా, ఎంత బాగుంటుందో!" అన్నాను నేను.

ఆవిడ మొహంలో ఏదో ముడి విప్పుకుంది. "మీరు తిన్నారా?" అన్నారు. తిన్నానన్నాను. "మరి మీవాళ్ళు ఊరుకున్నారా?" అన్నారు.

ఊరుకున్నారు. ఊరుకోవడమేమిటి, పదిమందిలో చెప్పుకుంటారు. మా దామోదర్ తన స్నేహితులకు నన్ను పరిచయం చేసేటప్పుడు "మా బాబాయ్ వరల్డ్ అంతా తిరిగాడు, పాముని కూడా తిన్నాడు" అని గొప్పగా చెబుతాడు. నా ఇంటిపేరు అటువంటిది. నేను ఏ గడ్డి కరిచినా అది లోకజ్ఞానం కిందికి వస్తుంది. సుబ్బులు గారు తన ఇంటి కూర తింటే అది ఆవిడ పుట్టుక కిందికి వస్తుంది.

ఈ సంగతి తలుచుకుంటే నాకు తిరుమల గుర్తొస్తుంది. కొండెక్కినవాడు ముందు వరాహస్వామిని దర్శించి, ఆ తర్వాతే వేంకటేశ్వరుడి దగ్గరకు పోవాలని నియమం. సింహాచలంలోనూ ఆ స్వామే. పాతకాలంలో బంగారు నాణేన్ని 'వరహా' అన్నారు. దాని మీద ఆ బొమ్మ ముద్రించి మొలలో దోపుకున్నారు. దేవుడు ఆ రూపమెత్తితే దండం పెడతాం, రాజు నాణెం మీద వేస్తే కళ్ళకద్దుకుంటాం, సుబ్బులు గారి నాన్న నాలుగు పందిపిల్లల్ని మేపుకుంటే మాత్రం ఊరి చివర ఉండమంటాం. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా దీనికి సమాధానం దొరకలేదు. సమర్థింపులు మాత్రం బోలెడు దొరికాయి.

సరే, కిటికీ దగ్గరికి వద్దాం. మేమక్కడ నిలబడి ఉండగానే లోపలి నుంచి ఒక తెల్లజుట్టు ముసలావిడ తొంగి చూసింది. పేరు హరుకో. కొడుకు దగ్గర ఉంటోంది. ఆవిడ మనవడు, అవని ఒకే స్కూలు బస్సు ఎక్కుతారు. బస్‌స్టాప్‌లో సుబ్బులు గారూ ఆవిడా రోజూ వంగి వంగి నమస్కారాలు పెట్టుకోవడమే గాని మాటలు లేవు. ఈవిడకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు ముక్కలు ముక్కలుగా వస్తుంది. సుబ్బులు గారు గిన్నె వైపు చూపించి, ముక్కు చూపించి, గుండె మీద చెయ్యి వేసుకున్నారు. హరుకో గారు తలుపు తీశారు.

ఆ పులుసును తోంజిరు అంటారట. పొట్ట భాగం మాంసాన్ని కాగితాల్లా పల్చగా కోస్తారు. దాన్ని నువ్వుల నూనెలో కాస్త వేయించి, ముల్లంగి, క్యారట్, చేమదుంపలు, మట్టిరంగులో కర్రలా ఉండే ఏదో వేరు చెక్కి వేసి, నీళ్ళు పోసి ఉడికిస్తారు. పైకి తేలిన నురగ తీసేస్తూ ఉంటారు. చివర్లో మిసో. సోయా గింజల్ని పులియబెట్టి చేసిన ముద్ద అది. చూడ్డానికి మన పాత చింతకాయ పచ్చడిలా ఉంటుంది. చేమదుంపల్ని చూసి సుబ్బులు గారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. "ఈళ్ళూ తింటారా ఇయ్యి!" అన్నారు. ఒక గుటక వేసి, గిన్నె ఖాళీ చేశారు. రెండో గిన్నె అయ్యాక, "కారం లేదు గాని, మా అమ్మ ఆదివారం వండిన వాసనే" అన్నారు.

తర్వాత వారం తానే వండుతానన్నారు. హరుకో గారి పొయ్యి మీదే. కొంగులో ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు మూటకట్టుకుని వచ్చారు. ముక్కలన్నీ వేశారు, మిసో ముద్ద కూడా మొదట్లోనే వేసి, పెద్ద మంట పెట్టి, పులుసు మరిగితేనే పులుసు కదా అని తెగ మరిగించారు. పైన చుయ్యిమని పోపు పెట్టారు. హరుకో గారు ఒక గుటక మింగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వారు. నాతో ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా చెప్పారు, నేను తెలుగులో చెప్పాను.

"చాలా బాగుందట. కాని మిసో చచ్చిపోయిందట."

"చచ్చిపోవటమేందీ?"

"అది ప్రాణమున్న వస్తువట. మరిగిస్తే చచ్చిపోతుందట. పొయ్యి ఆపేశాక, గరిటెలో వేసి, కొంచెం పులుసుతో మెల్లగా కలిపి దింపాలట."

సుబ్బులు గారు "మా అమ్మా అంతే. చారు నురగ కట్టంగానే దించేసేది. నేనే ఆత్రం మనిషిని" అన్నారు. మూడోసారికి ఆవిడ చెయ్యి కుదిరింది. పోపు మాత్రం మానలేదు. హరుకో గారు కూడా మానవద్దన్నారు.

ఒకరోజు హరుకో గారు కాగితం మీద ఒక అక్షరం గీసి చూపించారు. పైన ఇంటికప్పు, దాని కింద పంది. చైనావాళ్ళ దగ్గర నుంచి వాళ్ళకు వచ్చిన ఆ అక్షరానికి అర్థం ఇల్లు. నేను చెప్పగానే సుబ్బులు గారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "అయితే మాదే అసలైన ఇల్లు" అని నవ్వారు. నవ్వి, వెంటనే, "నా బిడ్డ ఇంట్లో ఒక్కపూట నేను నాలాగా వండుకోగలనా అన్నయ్యగారా? అదొక్కటే ఉంది మనసులో" అన్నారు.

డిసెంబరులో హరుకో గారు జలుబు చేసి మంచం పట్టారు. కొడుకు క్యాంపులో ఉన్నాడు. జలుబుకు వాళ్ళింట్లో ఈ పులుసే పథ్యం. అంతకుముందే ఆవిడ ఇచ్చిన మాంసం పొట్లం, మిసో డబ్బా రేణు ఫ్రీజర్‌లో బఠాణీల వెనక దాక్కుని ఉన్నాయి. మంచం మీద ఉన్న మనిషి వంటింట్లో దూరి వండటం సుబ్బులు గారికి నచ్చలేదు. "ఇక్కడే వండి పట్టుకెళ్తా" అన్నారు. రేణు ఆఫీసులో ఉంది. కిటికీలు తెరిచారు, పొయ్యి మీది ఫ్యాన్ వేశారు. నేను ఆ మట్టిరంగు వేరు చెక్కుతూ కూర్చున్నాను.

పులుసు చక్కగా ఉడుకుతోంది. అప్పుడు తలుపు చప్పుడైంది. చప్పుడు చేయడం నామకార్థమే. విజయశ్రీ నీలం మూత డబ్బాతో లోపలికి వచ్చేసింది.

"పిన్నిగారూ, పులిహోర! అబ్బ, ఏంటండీ ఆ ఘుమఘుమలు? పోపు వాసన కారిడార్ అంతా వస్తోంది. అంకుల్, మీరూ ఇక్కడే ఉన్నారా? నాకు చెప్పకుండా విందులా!"

మాట్లాడుతూనే పొయ్యి దగ్గరకు వెళ్ళి మూత తీసింది. "చేమదుంపల పులుసు! పిన్నిగారూ, ఎన్నాళ్ళయిందో తిని!" అంటూ గరిటె తీసుకుంది. మన ఆడవాళ్ళు ఉప్పు చూసేటట్టు, అరచేతిలో చుక్క వేసుకోబోయింది.

నేను చూస్తూ ఉన్నాను. సుబ్బులు గారు ఊరుకుంటే చాలు. విజయశ్రీ రుచి చూసి, బాగుందని చెప్పి, వెళ్ళిపోతుంది. రేణు రహస్యం రహస్యంగానే ఉంటుంది. ఎవరికీ ఏమీ కాదు.

సుబ్బులు గారు గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నారు.

"వద్దమ్మా. అందులో పంది మాంసం ఉంది."

గరిటె గిన్నెలో పడింది.

ఇంకొకరి నియమం తన ఇంట్లో తెలియక పాడుకాకూడదని, తన కూతురి భద్రతని పణం పెట్టిన మనిషి ఆవిడ. ఆ మాట ఆ రోజు నుంచి ఎంతమందికి చెప్పానో. ఒక్కరూ అటు నుంచి చూడలేదు.

విజయశ్రీ తేరుకుంది. పాపం, దారి కూడా చూపించింది. "ఓ… ఆ జపాన్ ఆవిడ కోసమా? అయ్యో, ఆవిడకి బాగాలేదని చెప్పారుగా. హెల్ప్ చేస్తున్నారన్నమాట. మీరు తినరు కదా?"

తిననంటే సరిపోయేది.

"తింటానమ్మా. చిన్నప్పటి నుంచీ తింటా. మా నాన్న పందులు మేపేవోడు."

చుక్క పులుసు కూడా చేతి మీద పడలేదు. అయినా విజయశ్రీ సింక్ దగ్గరకు వెళ్ళి సబ్బుతో చెయ్యి కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. గోళ్ళ సందుల్లో కూడా. తుడుచుకుని, తలుపు దగ్గర ఆగి, ఎంతో మర్యాదగా, "పులిహోర తినండి పిన్నిగారూ. డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదు లెండి, ఉంచేసుకోండి. నా దగ్గర చాలా ఉన్నాయి" అని వెళ్ళిపోయింది.

వెలివేయడానికి ఊళ్ళో పెద్దమనుషులు కూర్చునేవారు, డప్పు కొట్టించేవారు. ఇక్కడ ఒక్క ప్లాస్టిక్ డబ్బా చాలు.

సుబ్బులు గారు పొయ్యి ఆపారు. గరిటెలో మిసో వేసి మెల్లగా కలిపారు. పులుసు చెడలేదు. హరుకో గారికి ఇచ్చి వచ్చాం. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టారు, దాచకుండా, ముందు అరలో.

సాయంత్రం రేణు వచ్చాక జరిగింది నేను చూడలేదు. మర్నాడు నడకలో సుబ్బులు గారు చెప్పారు.

"అరవలేదన్నయ్యగారా. అరిస్తే బాగుండేది. 'ఎందుకమ్మా చెప్పావ్? నన్నడగాలి కదా! మళ్ళీ ఎక్కడికి మూవ్ అవ్వాలి నేను?' అని ఏడ్చింది. టికెట్ ముందుకి మార్పిస్తానంది. పిల్ల మాత్రం ఫ్రిజ్ తీసి 'అమ్మమ్మా, ఇది రామెన్ నూడుల్స్ లాగ స్మెల్ ఉంది, నాక్కావాలి' అంటది. దాన్ని లోపలికి తోలింది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? పోతానులే అన్నాను. పోయేదాన్ని నేను, ఉండాల్సింది అది."

ఆ శుక్రవారం విజయశ్రీ నుంచి మెసేజ్ వచ్చింది. నీహారిక కజిన్స్ వచ్చారు, కార్‌లో సీటు లేదు, సారీ. అవని గజ్జెల సంచి పట్టుకుని సోఫాలో కూర్చుని కిటికీలోంచి చూసింది. ఎదురింటి కారు బయలుదేరింది. వెనక సీటు ఖాళీగా ఉంది. నీహారిక ఒక్కతే. ఆ పూట నేనక్కడే ఉన్నాను. నాకు కళ్ళు బాగానే కనిపిస్తాయి.

ఆ ఆదివారం మా దామోదర్ కాఫీ కప్పు చేతికిచ్చి, "బాబాయ్, ఏమనుకోకండి. వాళ్ళింటికి వెళ్ళడం కొంచెం తగ్గించండి. మనకి పట్టింపులు లేవు, కానీ ఇక్కడ అందరితో ఉండాలి కదా" అన్నాడు.

"నేను కూడా తిన్నాను రా ఆ పులుసు."

"మీ సంగతి వేరు బాబాయ్."

"ఎలా వేరు?"

మొన్న ఇదే దామోదర్ ఆఫీసు పార్టీలో పోర్క్ టాకోస్ అదిరాయని ఫోన్‌లో ఫోటో చూపించాడు. నేను కాఫీ తాగకుండా లేచి, కోటు వేసుకుని, తిన్నగా సుబ్బులు గారింటికి వెళ్ళాను.

రామమోహన్ అవనిని తీసుకుని బయటికెళ్ళాడు, వంటింట్లో తల్లీకూతుళ్ళు నిలబడి ఉన్నారు. నీలం మూత డబ్బా కడిగి బల్ల మీద పెట్టి ఉంది. సుబ్బులు గారు అందులో పచ్చి చేమదుంపలు సర్దుతున్నారు.

"ఉంచుకోమంటే ఉంచుకుంటామా? ఊరికే కూడా ఇయ్యకూడదు" అన్నారు నన్ను చూసి. "వండినయ్యి ముట్టరు. పచ్చియ్యయితే ముట్టుకుంటారు. మా ఊళ్ళో అంతే. మా అమ్మ అల్లిన చేటలో బియ్యం చెరిగేవోళ్ళు, మా అమ్మ చేతి మంచినీళ్ళు తాగేవోళ్ళు కాదు. ఎవరినీ ఇబ్బంది పెట్టటమెందుకు?"

రేణు అప్పటిదాకా కౌంటరుకు ఆనుకుని ఫోన్ చూసుకుంటోంది. టికెట్ల పేజీ తెరిచి ఉంది. తలెత్తి ఆ డబ్బా వంక చూసింది. ఏమనిపించిందో, ఫోన్ పక్కన పెట్టి, డబ్బా లాక్కుని, చేమదుంపలన్నీ సింక్‌లో బోర్లించేసింది.

"స్వయంపాకం ఇస్తున్నావా అమ్మా వాళ్ళకి? వాళ్ళెవరు? నేనెవరు?"

"ఏయ్, నెమ్మదిగా…"

"నెమ్మదిగానే ఉన్నాను కదా ఇన్నేళ్ళూ! నిన్న చేసిన సున్నుండలు ఎక్కడున్నాయ్?"

మినపసున్ని, బెల్లం, నెయ్యి. సుబ్బులు గారి చేత్తో కట్టినవి. ఇదే విజయశ్రీ, ఇదే నీహారిక దీపావళికి అడిగి మరీ తిన్నవి. రేణు డబ్బా నిండా పెట్టి మూత బిగించింది. కారిడార్ దాటి ఎదురింటి తలుపు కొట్టింది. నేను గుమ్మంలో ఉన్నాను, రెండు తలుపుల మధ్య దూరమెంత, అన్నీ వినిపించాయి.

"రేణూ! ఇదేంటి, అక్కర్లేదన్నానుగా…" విజయశ్రీ గొంతు తగ్గించింది. "చూడు, నేనెవరికీ డీటెయిల్స్ చెప్పలేదు. ఎవరైనా అడిగితే ఆ జపాన్ ఆవిడ కోసం వండారు, వాళ్ళు తినరు అని చెప్తాను. సరేనా? నువ్వు వర్రీ అవకు. అమ్మగారితో కూడా అలాగే చెప్పమను."

రేణు డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆ క్షణంలో హెర్న్‌డన్ కేకు, కారు వెనక సీటు, తను కట్టుకున్న ఈ కాపురం అన్నీ ఉన్నాయి. ఒక్క 'థాంక్స్ అక్కా' అంటే అన్నీ దక్కుతాయి, అమ్మ తప్ప.

"మేం తింటాం అక్కా" అంది. "నేనూ తినేదాన్ని. అమ్మ వండితే. మా తాతయ్య పందుల్ని అమ్మితే వచ్చిందే మా అమ్మ తిండి. ఇదిగో, ఇవి సున్నుండలు. ఇందులో పంది లేదు. అమ్మ చెయ్యి ఉంది. మీకు ఇబ్బంది దేనితోనో మీరే చూసుకోండి."

విజయశ్రీ డబ్బా తీసుకుంది. "అయ్యో, అదేం మాట…" అంది. తలుపు మెల్లగా పడింది.

నేను మానవజాతి మీద ఆశ పూర్తిగా వదులుకోలేదు. లోపల ఆ పిల్ల నీహారిక "సున్నుండలా!" అని అరవడం విన్నాను. ఆ పిల్లకు ఒకటైనా దొరుకుతుందని అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం రేణు ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు చాప మీద నీలం మూత డబ్బా ఉంది. బెల్ కొట్టలేదు, మాట లేదు. డబ్బా ఖాళీగా పంపకూడదన్న మర్యాద మనది కదా. ఆ మర్యాద తప్పలేదు. నిండుగానే వచ్చింది. సుబ్బులు గారు కట్టిన సున్నుండలు, సర్దినవి సర్దినట్టే, ఒక్కటి తగ్గకుండా.

అంటే అది పంది కాదన్నమాట. ఏనాడూ పంది కాదు. పంది సాకు మాత్రమే.

రేణు బూట్లు కూడా విప్పకుండా డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేనూ సుబ్బులు గారూ బల్ల దగ్గర ఉన్నాం. డబ్బా చూడగానే సుబ్బులు గారికి అర్థమైంది. ఆవిడ ఏమీ అనకముందే రేణు మూత తీసి, ఒక సున్నుండ అవనికి, ఒకటి నాకు ఇచ్చి, ఒకటి తన నోట్లో పెట్టుకుంది. నములుతూనే, "అమ్మా, ఆ పులుసు ఇంకా ఉందా?" అంది.

"మొన్న మళ్ళీ వండాను. హరుకమ్మకి. కొంచెం మిగిలింది. నీకొద్దులే అని…"

"నాక్కావాలి."

"అట్టాగయితే కూర్చో, నేను…"

"నేను వేడి చేసుకుంటా." ఫ్రిజ్ తలుపు తీసింది, గిన్నె పొయ్యి మీద పెట్టింది. కిటికీ దగ్గరకు వెళ్ళింది. తెరవడానికి అనుకున్నాను. కాదు, చలిగా ఉందని మూసేసింది. పొయ్యి మీది ఫ్యాన్ వేయలేదు. వాసన కారిడార్‌లోకి పోతే పోనీ అన్నట్టు తలుపు వైపు ఒకసారి చూసింది. టికెట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

చలికాలం కోటుతోనే పొయ్యి దగ్గర నిలబడి మంట పెద్దది చేసింది. సుబ్బులు గారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు.

"మరగనియ్యమాక! మరగనిస్తే చచ్చిపోద్ది!"